కంప్యూటర్ లేకుండా కారు కదిలేనా?

కారులో ఓ చిన్న పెట్టె మొరాయిస్తే బండి మొత్తం బొమ్మలా నిలబడిపోతుంది. దాన్ని పీకేసి పాతకాలం కార్బురేటర్ బిగించేస్తే? అనంతగిరి కనుమ కింది షెడ్ల నుంచి అమెరికా గ్యారేజీల దాకా పాత బండి ఉన్న ప్రతిచోటా వచ్చే ప్రశ్నే ఇది. జవాబు మాత్రం అనుకున్నంత తేలిక కాదు!

ఆదివారం వచ్చిందంటే హైదరాబాద్ కార్లు అనంతగిరి దారి పడతాయి. చేవెళ్ల మర్రిచెట్లు దాటి, మన్నెగూడ మీదుగా వికారాబాద్ చేరి, అక్కణ్నుంచి తాండూరు రోడ్డెక్కితే చాలు... అడవి మొదలవుతుంది. అనంత పద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన చోటు, మలుపు మలుపుకీ చల్లగాలి. తళతళలాడే కొత్త బండ్ల మధ్య అప్పుడప్పుడూ ఓ పాత మారుతీ 800, ఓ జెన్, ఓ ఓమ్నీ, ఓ జిప్సీ కూడా మూలుగుతూ కనుమ ఎక్కుతుంటాయి. వాటిలో చాలావాటికి ఇరవై ఏళ్లు దాటాయి. యజమాని వాటిని అమ్మడు. అమ్మినా వచ్చేదెంత?

అలాంటి బండే ఎత్తు మీద ఆగిపోయిందనుకోండి. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ బొమ్మ పసుపురంగులో వెలుగుతుంది. తాళం తిప్పితే ఇంజిన్ తిరుగుతుంది కానీ అంటుకోదు. తోసుకుంటూ షెడ్డుకు చేరిస్తే మెకానిక్ నాలుగు తీగలు కదిపి చూసి తేల్చేస్తాడు. ‘అన్నా, కంప్యూటర్ పోయినట్టుంది. కొత్తదంటే బండి ధరకు దగ్గరైతది. అదంతా పీకేసి కార్బురేటర్ పెట్టుకుందాం, పదేండ్లు చూడనక్కర్లేదు’. వినడానికి బాగుంటుంది. పాత కారున్న మధ్యతరగతి మనిషికి ఇంతకన్నా తీయని మాట ఉండదు. కానీ ఆ మాట నిజమేనా? నిజమైతే ఎంతవరకు?

పెట్టెలో ఏముంది?

కంప్యూటరంటే తెర, మీటలు ఉంటాయనుకోవద్దు. డ్యాష్‌బోర్డు కిందో, గ్లవ్ బాక్సు వెనకో చిన్న పుస్తకమంత రేకు పెట్టె. దానికి గుత్తులు గుత్తులుగా తీగలు. మెకానిక్‌లు దాన్ని ఈసీఎం అనో ఈసీయూ అనో అంటారు. దాని పని మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ఇంజిన్ పరిస్థితి తెలుసుకోవడం, ఎంత పెట్రోలు కావాలో లెక్కకట్టడం, నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో నిర్ణయించడం.

తెలుసుకోవడానికి దానికి సెన్సార్లనే కళ్లూ చెవులూ ఉంటాయి. ఇంజిన్ ఇరుసు ఏ కోణంలో తిరుగుతోందో ఒకటి చెబుతుంది. లోపలికి వెళ్లే గాలి పీడనం, గాలి వేడి, నీళ్ల వేడి, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు... తలా ఒకటి చెబుతాయి. పొగగొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సారు ‘మొన్న ఇచ్చిన పెట్రోలు ఎక్కువైంది, తక్కువైంది’ అని కాదు, ఆ క్షణాన ఇచ్చిందాని గురించే చాడీలు మోస్తుంది. మామూలు పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కావాలి. ఆ తూకం చెడకుండా చూసుకోవడమే ఈ హడావిడంతా.

ఎంత వేగంగా చేస్తుందో చూడండి. మూడు సిలిండర్ల మారుతీ ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు 50 చుట్లు. రెండు చుట్లకోసారి ఒక్కో సిలిండర్‌కు పెట్రోలు అందాలి. అంటే ఒక్కోదానికి సెకనుకు 25 సార్లు, మూడింటికీ కలిపి 75 సార్లు! నిదానంగా ఆడే ఇంజిన్లో ఇంజెక్టర్ తెరుచుకుని ఉండేది సెకనులో వెయ్యో వంతులు రెండు మూడే. కన్ను ఆర్పేలోపు ఈ లెక్క చాలాసార్లు అయిపోతుంది.

అంతకుముందు ఎలా నడిచాయి?

ఈ లెక్కలేవీ లేకుండానే వందేళ్లపాటు కార్లు పరిగెత్తాయి. అప్పుడు మెదడు పని కార్బురేటర్ చేసేది. దానిదంతా గాలి ఆట. ఇంజిన్ గాలిని పీలుస్తుంది. ఆ గాలి దారిలో ఒకచోట గొట్టం సన్నబడుతుంది. సన్నటి చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. పక్కనే చిన్న గిన్నెలో ఉన్న పెట్రోలు సన్నటి రంధ్రం గుండా ఆ గాలిలోకి లాగేసుకున్నట్టు వచ్చి తుంపరలవుతుంది. ఆ రంధ్రం పేరే జెట్టు. గిన్నెలో పెట్రోలు మట్టం చెడకుండా చూసేది ఫ్లోటు. చలిలో ఇంజిన్ అంటుకోవాలంటే గాలి దారి మూయాలి, అది చోకు. ఒక్కసారిగా తొక్కితే అదనంగా ఓ చుక్క చిమ్మే బుల్లిపంపు కూడా ఉంటుంది.

నిప్పురవ్వ సంగతి డిస్ట్రిబ్యూటర్ చూసుకునేది. వేగం పెరిగితే రవ్వ కాస్త ముందుగా పడాలి. అందుకోసం లోపల తిరిగే చిన్న బరువులు బయటికి జరుగుతాయి. ఇంజిన్ మీద భారం మారితే గాలి గొట్టంలోని శూన్యం ఓ పొరను లాగి ఆ కోణాన్ని సరిచేస్తుంది. అంతా స్ప్రింగులూ బరువులూ పొరలే. బుర్ర ఉన్న మెకానిక్ చెవి ఆనించి విని, స్క్రూ అరచుట్టు తిప్పి ‘స్లో’ కుదిర్చేవాడు.

మరి దీన్నెందుకు వదిలేశారు? జవాబు పొగ. కార్బురేటర్ ఇచ్చే పాళ్లు సుమారుగానే ఉంటాయి. సుమారు సరిపోదని చెప్పింది క్యాటలిటిక్ కన్వర్టర్. పొగగొట్టంలో తేనెపట్టులా ఉండే ఈ డబ్బా లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. విషవాయువుల్ని అది విరగ్గొట్టాలంటే గాలి, పెట్రోలు తూకం ఆ 14.7కు అటూ ఇటూగానే ఉండాలి. ఆ కచ్చితత్వం కార్బురేటర్ వల్ల కాదు. అలా కంప్యూటర్ లోపలికొచ్చింది.

మన దగ్గరికి 2000లో...

ప్రపంచంలో ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలు చిమ్మడం కొత్తేమీ కాదు. బాష్ సంస్థ తయారీ డి-జెట్రానిక్ 1967లోనే ఫోక్స్‌వ్యాగన్ కార్లకు వచ్చింది. పెట్రోలునూ రవ్వనూ ఒకే కంప్యూటర్‌కు అప్పజెప్పిన మోట్రానిక్ 1979లో బీఎండబ్ల్యూకు దక్కింది. మనకు మాత్రం ఆ ఊపు సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. 1999 ఏప్రిల్‌లో దేశ రాజధాని ప్రాంతంలో యూరో ప్రమాణాల అమలును కోర్టు ముందుకు జరిపింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు యూరో-1కు సరితూగే ప్రమాణాలు దేశవ్యాప్తంగా అమల్లోకి వచ్చాయి. హైదరాబాద్‌లో భారత్ స్టేజ్-2 2003లో, మిగతా దేశంలో 2005లో.

మారుతీ షోరూముల్లో కార్ల వెనక అద్దం మీద ‘ఎంపీఎఫ్ఐ’ అనే అక్షరాలు మెరిసింది ఆ రోజుల్లోనే. పేరు చూసి కొన్నవారే ఎక్కువ, అదేంటో తెలిసి కొన్నవారు తక్కువ! లాభం మాత్రం కళ్లకు కనిపించింది. ఒక లీటరు జెన్ కార్బురేటర్‌తో 50 అశ్వశక్తి ఇచ్చేది, ఎంపీఎఫ్ఐతో 60కి చేరింది. జిప్సీ కింగ్ 60 నుంచి 80కి ఎగబాకింది. అయితే జిప్సీ విషయంలో మొత్తం ఘనత కంప్యూటర్‌ది కాదు, ఇంజిన్ కవాటాలు కూడా ఎనిమిది నుంచి పదహారయ్యాయి.

మారుతీ 800 ఉత్పత్తి 2014 జనవరిలో ఆగింది. అంబాసిడర్ కూడా అదే ఏడాది మే నెలలో సెలవు తీసుకుంది. అంటే ఇప్పుడు రోడ్డు మీదున్న తొలితరం కంప్యూటర్ కార్లన్నీ ముసలివే. లోహానికి ముసలితనం వస్తే వెల్డింగ్ ఉంది. సర్క్యూట్ బోర్డుకు ముసలితనం వస్తే? అక్కడే వచ్చింది చిక్కు.

కార్బురేటర్ పెట్టాలంటే...

‘ఇంజిన్ అదే కదా, మూత మార్చినట్టు మార్చేయొచ్చు’ అనుకుంటారు చాలామంది. మారుతీ 800 విషయంలో సగం నిజం కూడా. 796 సీసీ ఎఫ్8బి ఇంజిన్ మొదట కార్బురేటర్‌తో, తర్వాత ఇంజెక్టర్లతో వచ్చింది. పాత సామాను సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి బజార్లలో వెతికితే దొరికే అవకాశం ఉంది. కానీ జాబితా చదివితే ఉత్సాహం కొంచెం తగ్గుతుంది.

మొదటిది గాలి గొట్టం. ఇంజెక్టర్లు కూర్చునే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ వేరు, కార్బురేటర్ కూర్చునేది వేరు. అది మార్చాలి. రెండోది పెట్రోలు పీడనం. ఇంజెక్టర్ల బండికి ట్యాంకులో మునిగి ఉండే మోటారు పంపు దాదాపు 3 బార్ల ఒత్తిడితో పెట్రోలు నెడుతుంది. కార్బురేటర్‌కు అందులో పదో వంతు చాలు. ఆ పంపునే నేరుగా కలిపేస్తే ఫ్లోటు ఆపలేదు. గిన్నె పొంగి పెట్రోలు వేడి ఇంజిన్ మీద కారుతుంది. ఆ తర్వాత జరిగేది చెప్పక్కర్లేదు. ఈ మార్పిడిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇదే. పాత పద్ధతి మెకానికల్ పంపు పెట్టాలి. దాన్ని నడిపే ఉబ్బు క్యామ్‌షాఫ్ట్ మీద ఉందా, కూర్చోబెట్టే చోటు ఇంజిన్ హెడ్డులో ఉందా చూసుకోవాలి. లేకపోతే తక్కువ ఒత్తిడి కరెంటు పంపు వేయాలి. బండి బోల్తా పడినా, ఇంజిన్ ఆగినా ఆ పంపు ఆగిపోయే ఏర్పాటు కూడా ఉండాలి. కంప్యూటర్ ఉన్నప్పుడు ఇంజిన్ తిరగడం ఆగితే అదే పంపును ఆపేసేది మరి!

మూడోది రవ్వ. కంప్యూటర్ పోతే కాయిల్‌కు ఎప్పుడు వెలగాలో చెప్పేవాళ్లుండరు. బరువులు, శూన్యం పొర ఉన్న పాత డిస్ట్రిబ్యూటర్ తెచ్చి, టైమింగ్ లైటుతో కోణం కుదర్చాలి. అంచనాగా పెడితే ఇంజిన్ కొట్టుకుంటుంది. కనుమ ఎక్కేటప్పుడు వచ్చే ఆ టకటక శబ్దమే పిస్టన్లకు చావుకేక.

నాలుగోది ఎవరికీ గుర్తురానిది. చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాను తిప్పేది కూడా ఈ పెట్టే. ఏసీ వేసినప్పుడు ఇంజిన్ ఆగిపోకుండా వేగం కాస్త పెంచేదీ అదే. పెట్టె తీసేస్తే ఫ్యానుకు విడిగా థర్మో స్విచ్చు, ఏసీకి విడిగా ఐడిల్-అప్ పెట్టాలి. లేకపోతే కారు అంటుకుందన్న సంతోషం మొదటి ట్రాఫిక్‌లోనే ఆవిరైపోతుంది, రేడియేటర్ నీళ్లతో పాటు.

ఇవన్నీ అయ్యాక ట్యూనింగ్. ఏ జెట్టు, ఫ్లోటు ఎంత ఎత్తు, చోకు ఎంత? ఇది స్క్రూడ్రైవర్ పని కాదు, ఓపిక పని.

అమెరికాలో ‘నట్టర్ బైపాస్’

ఈ తలనొప్పి మనకొక్కరికే కాదు. అమెరికాలో ఇంతకన్నా ముందే మొదలైంది. అక్కడ 1980ల తొలినాళ్లలో విచిత్రమైన సంధికాలం నడిచింది. కార్బురేటర్ ఉంటుంది, దాని మీద కంప్యూటర్ పెత్తనం కూడా ఉంటుంది! జనరల్ మోటార్స్ 1981లో తన కార్లలో విరివిగా తెచ్చిన ఏర్పాటులో కార్బురేటర్ లోపలి విద్యుత్ కవాటం సెకనుకు పదిసార్లు తెరుచుకుని మూసుకుంటూ పెట్రోలు పాళ్లు సరిచేసేది. సెన్సార్లు, శూన్యం గొట్టాలు అల్లిబిల్లిగా ఉండేవి. ఒక్క గొట్టం చీలినా బండి దగ్గేది.

జీప్ ప్రియుల కథ మరీ ఆసక్తికరం. 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల పాత ఇంజిన్‌కు కార్టర్ కార్బురేటర్, దాన్ని నడిపే చిన్న స్టెప్పర్ మోటారు, పైన కంప్యూటర్ ఉండేవి. 1990 దాకా ర్యాంగ్లర్ జీపుల్లో ఈ ఏర్పాటే. పాతబడ్డాక కంప్యూటర్ రవ్వ సమయాన్ని చెడగొడుతోందని గుర్తించినవారు ఓ చిట్కా కనిపెట్టారు. డిస్ట్రిబ్యూటర్ నుంచి వచ్చే తీగల్ని కంప్యూటర్ దాకా పోనివ్వకుండా నేరుగా ఇగ్నిషన్ మాడ్యూల్‌కు కలిపేయడం, తర్వాత టైమింగ్ మళ్లీ కుదర్చడం. దానికే ‘నట్టర్ బైపాస్’ అని పేరు స్థిరపడింది. నాలుగు తీగల పనికి ఇంజిన్ మళ్లీ ఊపిరి పీల్చుకుందని జీపుల వాళ్లు చెప్పుకుంటారు.

ఇక్కడో తేడా గమనించాలి. ఆ ఇంజిన్ పుట్టుకతోనే కార్బురేటర్ ఇంజిన్. కంప్యూటర్ మధ్యలో వచ్చి కూర్చున్న పెత్తందారు మాత్రమే. పెత్తందారును పంపేస్తే ఇల్లు నడుస్తుంది. ఎంపీఎఫ్ఐ కారులో కంప్యూటర్ ఇంటి యజమాని. యజమానిని పంపేస్తే ఇల్లు మళ్లీ కట్టుకోవాలి. ఇంకోమాట, పొగ తగ్గించే ఏర్పాట్లను తొలగించడం అమెరికా స్వచ్ఛవాయు చట్టం ప్రకారం నిషిద్ధమే. అక్కడి వాళ్లు చేశారు కాబట్టి అంతా సక్రమమే అనుకోవడానికి లేదు.

తాండూరు లారీకి ఈ బెంగ లేదు

వికారాబాద్ రోడ్డు మీద నాపరాళ్లు మోసుకుంటూ వెళ్లే పాత లారీని చూడండి. దాన్ని నడిపించడానికి కంప్యూటర్ అక్కర్లేదు. డీజిల్ ఇంజిన్‌కు ప్లగ్గూ రవ్వా ఉండవు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. డీజిల్‌ను కొలిచి, సమయానికి నొక్కి పంపడం మెకానికల్ పంపు పని. లోపల గేరుతో తిరిగే క్యామ్, చిన్న పిస్టన్లు, వేగాన్ని అదుపు చేసే గవర్నర్... అంతా ఇనుమే. మైకో పంపు అంటే లారీ డ్రైవర్లకు ఇప్పటికీ తెలుసు. ఆ పేరున్న బెంగళూరు సంస్థ 2008లో బాష్‌గా మారింది. పాత మహీంద్రా జీపులు, పాత ట్రాక్టర్లు కూడా ఈ కోవలోవే. బ్యాటరీ డీలాపడినా, తోసి స్టార్ట్ చేస్తే ఊరు చేరుస్తాయి.

కొత్తతరం కామన్ రైల్ డీజిల్ అలా కాదు. పంపు పని ఒత్తిడి పెంచడం వరకే. అదీ మామూలు ఒత్తిడి కాదు, తొలితరాల్లోనే 1,350 నుంచి 1,600 బార్లు. ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎంత చిమ్మాలో కరెంటు ఇంజెక్టర్లకు కంప్యూటరే చెబుతుంది. దాన్ని తీసేస్తే ఒక్క చుక్క కూడా లోపలికి పోదు. దీన్ని మెకానికల్‌గా మార్చడమంటే దాదాపు ఇంకో ఇంజిన్ పెట్టడమే. కాబట్టి ఎవరైనా ‘సీఆర్‌డీఐ బండికి కంప్యూటర్ తీసేస్తా’నంటే నమస్కారం పెట్టి బయటపడటం మంచిది.

కనుమ పెట్టే పరీక్ష

మార్చిన కారు షెడ్డు ముందు చక్కగానే ఆడుతుంది. అసలు పరీక్ష కనుమ మీదే. ఎత్తెక్కేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఒక పక్కకు ఒరుగుతుంది. మట్టం సరిగా లేకపోతే ఓ మలుపులో పొంగుతుంది, ఇంకో మలుపులో ఎండుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఎత్తెక్కి ఆపితే ఇంజిన్ సెగకు గొట్టంలో పెట్రోలు ఆవిరవుతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే బుడగలే తప్ప పెట్రోలు రాదు. పాత అంబాసిడర్ల మీద తడిగుడ్డ వేసిన డ్రైవర్లకు ఈ బాధ బాగా తెలుసు. ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఇంజెక్టర్ల బండికి ఇది తక్కువ.

దిగేటప్పుడూ తేడా ఉంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటర్ కారు పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. మామూలు కార్బురేటర్ మాత్రం ఎంతో కొంత ఒలకబోస్తూనే ఉంటుంది. మైలేజీ తగ్గడానికి ఇదీ ఒక కారణమే. పాత క్యాటలిటిక్ కన్వర్టర్‌ను అలాగే ఉంచితే, కాలకుండా వచ్చిన పెట్రోలు దాంట్లో మండి తేనెపట్టు కరిగి మూసుకుపోతుంది. పొగ బయటికి పోక బండి లాగడం మానేస్తుంది.

ఇప్పుడు కొత్తగా ఇంకో చిక్కు కూడా ఉంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని 2025లో చేరుకున్నట్లు కేంద్రం ప్రకటించింది. ఇథనాల్ మండటానికి గాలి తక్కువ చాలు. ఒక పాలుకు తొమ్మిది పాళ్లే. అంటే ఈ మిశ్రమానికి పాత జెట్టు సరిపోదు, ఇంజిన్‌కు ఇంధనం చాలక వేడెక్కుతుంది. కంప్యూటర్ ఉంటే ఆక్సిజన్ సెన్సారు మాట విని కొంతవరకైనా సర్దుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్టు మార్చాల్సిందే. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాల్ని, వాషర్లను మెత్తబరుస్తుంది. కొన్నాళ్లు కదలకుండా ఉండే పాత కారుకు ఇది మంచిది కాదు.

చట్టం ఏమంటుంది?

చాలామంది మరిచిపోయేది ఇదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరునెలల దాకా జైలు, లేదంటే రెండూ వేసే వీలుంది. అదే రకం ఇంజిన్‌ను మార్చుకోవాలన్నా, సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ కిట్లు వేసుకోవాలన్నా నిబంధనల ప్రకారం అనుమతితో దారి ఉంది. ఇంజెక్టర్లు తీసి కార్బురేటర్ పెట్టడానికి మాత్రం అలాంటి రాచబాట లేదు.

పొగ పరీక్షలో మరో మెలిక ఉంది. భారత్ స్టేజ్-2 కన్నా ముందరి పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం దాకా ఉండొచ్చు. బీఎస్-2, బీఎస్-3 కార్లకు హద్దు అర శాతం, 750 పీపీఎం. బీఎస్-4కు ఇంకా తక్కువ, 0.3 శాతం, 200 పీపీఎం. అంటే 2002లో వికారాబాద్‌లో కొన్న కారు బాగా కుదిర్చిన కార్బురేటర్‌తో పొగ పరీక్ష గట్టెక్కినా గట్టెక్కొచ్చు. 2006 నాటి కారుకు అది చాలా కష్టం. అయితే పొగ పరీక్ష ఒకటి, చట్టం ఇంకొకటి. పరీక్ష గట్టెక్కినంత మాత్రాన మార్పు సక్రమమైపోదు. పదిహేనేళ్లు దాటిన కారు ఐదేళ్లకోసారి తనిఖీకి వెళ్లాలి. చెప్పకుండా చేసిన మార్పు వల్ల ప్రమాద బీమా దగ్గరా పేచీ రావచ్చు. పెట్రోలు కారి అంటుకుంటే ఆ పేచీ ఇంకా పెద్దదవుతుంది.

ఇంతకీ పోయింది కంప్యూటరేనా?

అసలు ప్రశ్న ఇది. ఈసీఎం కదిలే భాగాల్లేని వస్తువు, తేలిగ్గా చెడదు. దానికి వార్త మోసే తీగలు, సెన్సార్లే ముందు చెడతాయి. ఇంజిన్ ఇరుసు సెన్సారు పోతే కంప్యూటర్‌కు ఇంజిన్ తిరుగుతున్నట్టే తెలియదు, పెట్రోలూ రవ్వా రెండూ ఆపేస్తుంది. చూసేవాళ్లకు కంప్యూటర్ చచ్చినట్టే ఉంటుంది. నీళ్ల వేడి చెప్పే సెన్సారు అబద్ధమాడితే వేడి ఇంజిన్‌కు కూడా చలిలో ఇచ్చినంత పెట్రోలు పోస్తుంది. నల్లపొగ, మైలేజీ నేలకు. బాడీకి బిగించిన ఎర్త్ తీగ తుప్పుపడితే సెన్సార్లన్నీ తలో మాట చెబుతాయి. షెడ్లో నెలలు నిలబెట్టిన కారులో ఎలుకలు తీగలు కొరకడం మామూలే.

వీటిని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలే అక్కర్లేదు. సుజుకీ ఇంజిన్లున్న తొలితరం మారుతీల్లో ఓ చక్కటి ఏర్పాటుంది. పరీక్ష కోసం ఇచ్చిన చిన్న కనెక్టర్‌లో తగిన కొనను ఎర్త్‌కు కలిపి తాళం తిప్పితే పసుపు దీపం మిణుకు మిణుకుమంటుంది. ఒకసారి వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగితే 12. అంటే ‘లోపమేదీ నమోదు కాలేదు’ అని. వేరే అంకె వస్తే మాన్యువల్‌లో చూస్తే ఏ సెన్సారు దారిలో లోపముందో తెలుస్తుంది. కారు తన రోగం తానే చెప్పుకొంటుంది, వినేవాళ్లుంటే!

నిజంగానే పెట్టె పోయినా దారులున్నాయి. లోపలి కెపాసిటర్లు ఉబ్బడం, టంకం వదిలేయడం లాంటివి ఎలక్ట్రానిక్స్ పని తెలిసినవారు సరిచేయగలరు. తుక్కుకు వెళ్లిన అదే మోడల్ కారు పెట్టె తక్కువకు దొరకొచ్చు. పైనున్న పార్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. దొంగతనం అడ్డుకునే ఇమ్మొబిలైజర్ ఉన్న కార్లయితే తాళంచెవి, పెట్టె ఒకదాన్నొకటి గుర్తుపట్టేలా మళ్లీ జత చేయించాలి.

పీకే ముందు ఇవి చూడండి

* బ్యాటరీ 12 వోల్టుల పైన ఉందా? సెల్ఫ్ కొట్టేటప్పుడు మరీ పడిపోతోందా?
* ఈసీఎంకు వచ్చే ఫ్యూజులు, మెయిన్ రిలే బాగున్నాయా? వంద రూపాయల రిలే వేల రూపాయల పెట్టెను బద్నాం చేయగలదు.
* ఇంజిన్, బాడీ ఎర్త్ తీగల చివర్లు విప్పి, గీకి, మళ్లీ బిగించారా?
* తాళం తిప్పగానే వెనక ట్యాంకు దగ్గర పంపు రెండు సెకన్లు ‘జుయ్’మంటోందా?
* కనెక్టర్లలో పచ్చటి తుప్పు, నీటి చెమ్మ ఉందా? కార్పెట్ కింద తడి ఉందా?
* పసుపు దీపం ఏ అంకె చెబుతోంది?
* ఇన్ని చూశాకా తేలకపోతే, అదే మోడల్ మంచి కారు పెట్టెను కాసేపు పెట్టి చూశారా?

చెవి కావాలి... మీటరూ కావాలి

కార్బురేటర్‌కు కాలం పూర్తిగా చెల్లిపోయిందని కాదు. దానితోనే పుట్టిన పాత కారును దానితోనే నడపడం అందం, చట్టబద్ధం కూడా. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వింటేజ్ వాహనాల ప్రత్యేక రిజిస్ట్రేషన్‌కు ఇంజిన్‌లో, బాడీలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రోడ్డెక్కని బండి, పొలంలో నీళ్లు తోడే ఇంజిన్, పాఠం చెప్పడానికి స్టాండు మీద బిగించిన ఇంజిన్... వీటికి కంప్యూటర్ తీసేయడం మంచి అభ్యాసమే. ఇంజిన్ ఎలా ఊపిరి తీస్తుందో కుర్రాళ్లకు అంతకన్నా బాగా నేర్పే దారి లేదు.

రోజూ రోడ్డెక్కే కారు సంగతి వేరు. చిన్న ఊళ్ల షెడ్లలో ఇవాళ రెండు తరాలున్నాయి. చెవి ఆనించి ఇంజిన్ మాట వినగలిగే పెద్దాయనకు స్కానర్ అంటే చిరాకు. స్కానర్ పెట్టి అంకెలు చదవగలిగే కుర్రాడికి జెట్టు ఎక్కడుంటుందో తెలియదు. పాత ఎంపీఎఫ్ఐ కారుకు ఈ ఇద్దరూ కావాలి. గాలి ఎక్కడో లీకవుతోందని పెద్దాయన చెవి చెబితే, ఏ సెన్సారు ఎంత వోల్టు చూపిస్తోందో కుర్రాడి మీటరు చెబుతుంది. ఇద్దరూ ఒకే బానెట్ కింద తలదూరిస్తే, పదిలో ఎన్నో బండ్లు పెట్టె మార్చకుండానే కనుమ ఎక్కేస్తాయి.

అందుకే ఇకమీదట ఎవరైనా ‘కంప్యూటర్ పోయింది’ అంటే, ‘ఎట్ల తెలిసింది అన్నా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు మీటరు చూపించి చెబితే వినండి. చేతులూపి చెబితే మాత్రం, ముందు ఆ ఎర్త్ తీగ విప్పి గీకమనండి. ఖర్చు ఓ ఉప్పుకాగితం ముక్క!